ఐదుగురు మనుషులు, రెండు గేదెలు, పదిహేను కోళ్లు: ఎంత భూమి ఉంటే బతకొచ్చు?

ఎర్రచెలక

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో ఐదుగురం: అమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. జనగామ వైపు భూమి చూస్తున్నాం. అమ్ముకుని లాభాలు తీయాలన్న ఆలోచన లేదు. మేం తినే బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గుడ్లు మా నేలలోనే పండాలి. రెండు గేదెలు, ఓ పదిహేను కోళ్లు, కుదిరితే రెండు మేకలు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక ఫామ్ ప్లాట్ల వెంచర్ వాళ్లు 10 గుంటలు చూపించి "ఒక కుటుంబానికి ఇది చాలు సార్, ఆవును కూడా పెట్టుకోవచ్చు" అన్నారు. మా మామయ్యేమో ఐదెకరాలు లేకుండా ఆ మాటే ఎత్తొద్దంటున్నాడు. ఇద్దరి మాటకీ ఇరవై రెట్ల తేడా ఉంది. పశువులతో చేస్తున్నవాళ్లు లెక్క చెప్తే మీ మేలు మర్చిపోను.

గోదారిగట్టు

తమ్ముడూ, ముందు మనుషుల తిండి తేల్చుకో, అది తేలిక. మా వైపు సెంట్లలో మాట్లాడతాం. నీ గుంట అంటే రెండున్నర సెంట్లు, ఎకరం అంటే 100 సెంట్లు.

ఐదుగురికి నెలకి 50 కిలోల బియ్యం అనుకో. ఏడాదికి ఆరు క్వింటాళ్లు. మర ఆడిస్తే వడ్లలో మూడింట రెండొంతులు బియ్యం వస్తాయి కాబట్టి తొమ్మిది, తొమ్మిదిన్నర క్వింటాళ్ల వడ్లు కావాలి. ఎకరానికి 20 క్వింటాళ్లు చూసుకున్నా 45 సెంట్లు చాలు. కంది ఎకరానికి ఐదారు క్వింటాళ్లు వస్తుంది. నెలకి ఐదు కిలోల పప్పు వాడే ఇంటికి 20 సెంట్లు పెట్టుకో. నూనె ఏడాదికి 60 లీటర్లనుకుంటే వేరుశనగ 20 నుంచి 25 సెంట్లు. కూరగాయలు, మిరప, పసుపు కలిపి 10 సెంట్లు. గట్ల మీద కొబ్బరి, మునగ, అరటి, నిమ్మ.

మొత్తం ఎకరం. మాకు కాలవ నీరుంది గనక వరి కోసిన మళ్లలోనే మినుమో పెసరో వేస్తాం. అలా ఒకే నేల రెండుసార్లు పనికొస్తుంది, మనుషుల వరకు ఎకరం కన్నా తక్కువలోనే గడుస్తుంది. మా ఇల్లు ఎకరం పాతికలో నడుస్తోంది. అయితే మాకున్నది ఒక్క గేదె, అదీ కాలవ గట్టు గడ్డి ఉంది కాబట్టి.

ఎర్రచెలక

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ అన్నా. మరి గేదెలకి ఇంకో అరెకరం కలిపితే సరిపోతుందా?

పాలకొట్టం

నేను పశుసంవర్ధక శాఖలో పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ అరెకరం మాట దగ్గరే చాలామంది దెబ్బతింటారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పెద్ద గేదెకి రోజుకి 25 నుంచి 30 కిలోల పచ్చిగడ్డి, ఐదారు కిలోల ఎండుగడ్డి, పాలు ఇస్తున్నప్పుడు రెండు రెండున్నర లీటర్లకి కిలో చొప్పున దాణా కావాలి. పచ్చిగడ్డి అందరికీ కళ్లకి కనిపిస్తుంది కాబట్టి దాని గురించే అడుగుతారు. నిజానికి అది చిన్న సమస్య. సూపర్ నేపియర్ గడ్డి బాగా చేస్తే ఎకరానికి ఏడాదికి 100 టన్నుల పైనే అంటారు. నేను 80 టన్నులే పట్టుకుంటాను. ఆ లెక్కన 25 సెంట్లలో రోజుకి 55 కిలోలు. మీ రెండు గేదెలకీ అయిపోయింది.

దాన్ని కోసే పద్ధతి చూడండి. 25 సెంట్ల మడిని 45 చాళ్లుగా విడగొట్టుకోవాలి. రోజుకి ఒక చాలు నేలకి ఆనించి కోయాలి, కోసిన చాలుకి ఆ రోజే పేడ నీళ్లు పెట్టాలి. చివరి చాలుకి వచ్చేసరికి మొదటిది మళ్లీ నడుమెత్తు లేస్తుంది. 45 రోజులు దాటనిస్తే కాడ ముదిరి గేదె ఆకు తిని కాడ వదిలేస్తుంది. నేపియర్ ఒక్కటే పెట్టకండి, రెండొంతులు నేపియర్‌కి ఒక వంతు పప్పుజాతి గడ్డి ఉండాలి. గట్ల వెంట దశరథ గడ్డి, అవిశ వేసుకుంటే దాణా కొంత తగ్గుతుంది.

అసలు భూమిని మింగేది ఎండుగడ్డి. రోజుకి ఆరు కిలోలంటే ఏడాదికి రెండు టన్నుల పైమాట. ఎకరం వరిలో వచ్చే గడ్డి సుమారుగా అంతే. అంటే ఒక గేదెకి ఒక ఎకరం వరిగడ్డి. రెండు గేదెలు, వాటి దూడలు కలిపితే ఐదు టన్నులు కావాలి. మీరు తినడానికి పండించే 45 సెంట్ల వరిలో వచ్చేది ఒక టన్ను. మిగతా నాలుగు టన్నులు ఎక్కడివి? కొనాలి, లేదా దాని కోసమే ఇంకో ఎకరం, రెండెకరాలు జొన్న వేయాలి. పైగా ఇప్పుడు హార్వెస్టర్‌తో కోయిస్తే గడ్డి ముక్కలై మడిలోనే పోతుంది, బేలర్ యంత్రంతో కట్టలు కట్టించుకోవాలి. చేతికోత గడ్డిని గేదె తిన్నంత ఇష్టంగా ఆ గడ్డిని తినదు.

రెండు గేదెలు అన్నారు, ఆ మాట మాత్రం సరైనదే. ఒక్క గేదె ఉంటే ఏడాది పొడుగునా పాలుండవు. ఈనాక పది నెలల వరకు ఇస్తుంది, తర్వాత వట్టిపోతుంది. చూడి కాలమే పది నెలల పైన. ఒక ఈతకీ ఇంకో ఈతకీ మధ్య 14 నుంచి 16 నెలలు పడుతుంది. రెండూ ఒకేసారి ఈనకుండా ఆరేడు నెలల ఎడం ఉండేలా చూసుకుంటేనే ఇంట్లో పెరుగు ఆగదు. వట్టిపోయిన గేదె కూడా తింటుందని లెక్క రాసేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

వాననీరు

ఇంత లెక్క అవసరమా సార్? దేశీ ఆవు ఒక్కటి ఉంటే ముప్పై ఎకరాలు సాగు చేయొచ్చని ప్రకృతి సాగు నేర్పే సుభాష్ పాలేకర్ గారే చెప్పారు కదా. పుంగనూరు ఆవు తెచ్చుకుంటే తిండి కూడా తక్కువే.

పాలకొట్టం

బాబూ, ఆయన చెప్పింది నేలకి కావలసిన పేడ, మూత్రం గురించి. జీవామృతంలో ఎకరానికి వాడేది 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, 200 లీటర్ల నీళ్లు. ఆ పద్ధతి మీద నాకు గౌరవమే. కానీ ముప్పై ఎకరాల లెక్కతో ఐదుగురికి పాలు రావు.

పుంగనూరు ఆవు మన చిత్తూరు సీమ సంపద. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడుకొస్తోంది. మూడడుగుల లోపు ఎత్తు, మేత తక్కువ, వెన్న బాగుంటుంది, నిజమే. అయితే పాలు రెండు మూడు లీటర్లే. ఈమధ్య వాటిని ముద్దు కోసం పెంచుకునేవాళ్లు పెరిగి ధర సామాన్యుడికి అందకుండా పోయింది. ఈ తమ్ముడి అవసరానికి మన ఊరి గ్రేడెడ్ ముర్రా (ముర్రా సంకరం) గేదె చాలు. సంతలో మెరిసే పది లీటర్ల గేదె కన్నా, పొరుగు ఊళ్లో రెండు ఈతలు చూసిన ఐదారు లీటర్ల గేదె మేలు.

కొర్రచేను

మాది అనంతపురం. పైన అందరూ నీళ్లున్నాయని అనుకుని లెక్కలు రాస్తున్నారు. నీళ్లు లేని లెక్క నేను రాస్తాను.

మా జిల్లాలో వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్లు. ఎండాకాలం నేపియర్ పచ్చగా ఉండాలంటే రోజుకి కనీసం ఐదు మిల్లీమీటర్లు ఇవ్వాలి. డాక్టరు గారు చెప్పిన పాతిక సెంట్లకే రోజుకి ఐదు వేల లీటర్లు. రెండు గేదెలు తాగడానికి, కడగడానికి ఇంకో 200 లీటర్లు. వరి సంగతి చెప్పనక్కర్లేదు, పంటకి 1,200 మిల్లీమీటర్లు తాగుతుంది. 45 సెంట్లే అయినా దాదాపు 22 లక్షల లీటర్లు. ఇద్దరు పిల్లల తల్లిదండ్రులు ఒక్క బోరు మీద ఇల్లు నిలబెట్టుకుంటారు, మే నెలలో అది గాలి పోస్తుంది. మా ఊళ్లో చూస్తున్నదే ఇది.

మాకు పదెకరాలు ఉంది, అంతా వానాధారం. కొర్ర, జొన్న, కంది, వేరుశనగ. పదెకరాలుండి కూడా గేదె లేదు. రెండు నాటు ఆవులు, నెల్లూరు గొర్రెలు ఉన్నాయి. గొర్రెలు మా పొలంలోనే బతకవు, కోతలయ్యాక ఊరి బీళ్లలో, గుట్ట మీద మేస్తాయి. అంటే నా పదెకరాల వెనక కనిపించని ఇంకో యాభై ఎకరాలు ఊరిది ఉంది. కొత్తగా వచ్చి చుట్టూ కంచె వేసుకునేవాళ్లకి ఆ బీడు ఉండదు. "ఎన్ని ఎకరాలు" అని అడిగేముందు ఊళ్లో మేత బీడు మిగిలి ఉందా, అక్కడ మేపుకోనిస్తారా అని అడగండి.

తమ్ముడూ, ఎర్ర చెలకలో వరి పట్టుదల మానుకో. జొన్న వేస్తే గింజ మీకు, చొప్ప పశువుకి. వానాధారంలో కూడా ఎకరానికి రెండు టన్నుల దాకా చొప్ప వస్తుంది. వేరుశనగ కట్టెను ఎండబెట్టి వామి వేసుకుంటే వరిగడ్డి కన్నా బలం. మీరు వారంలో నాలుగు రోజులు జొన్నరొట్టె, రాగి సంగటి తినగలిగితే మీ నీటి లెక్క బాగా దిగుతుంది.

ఎర్రచెలక

కొర్రచేను అన్నా, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. "మేం పెరిగింది గటక తిని, జొన్నరొట్టె తిని, కొత్తేముంది" అంది. పిల్లలకి అలవాటు చేయడం నా బాధ్యత. మేం చూసిన ఊరి చెరువు దేవాదుల ఎత్తిపోతల నీళ్లతో నిండుతుందట, దాని కింద రెండెకరాల 20 గుంటలు అమ్మకానికి ఉంది, ఒక బోరు ఉంది.

ఇంటిపెరడు

తమ్ముడూ, సూర్యాపేట నుంచి రాస్తున్నాను. కోళ్లు, మేకలు నా చేతి మీదుగా పెరిగినవే కాబట్టి వాటి గురించి చెప్తా.

నాటుకోడి ఏడాదికి 60, 70 గుడ్లకి మించదు. పొదుగుతుంది, పిల్లల్ని తిప్పుతుంది, అదే దాని గొప్ప. గుడ్లే కావాలంటే హైదరాబాద్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ పెరట్లో 160 దాకా పెడుతుంది, కానీ పొదగదు. నేను రెండూ కలిపి పెడతాను. నాలుగు నాటు పెట్టలు, ఆరు గ్రామప్రియలు, ఒక పుంజు. గ్రామప్రియ గుడ్లు నాటుపెట్ట కింద పొదగేస్తే పని జరిగిపోతుంది. ఐదుగురికి గుడ్లకి ఇవి చాలు. వీటికి వేరే భూమి అక్కర్లేదు, పేడకుప్ప, వామి, చెట్ల కింద తిరిగి పురుగులు ఏరుకుంటాయి. సాయంత్రం గుప్పెడు నూకలు, జొన్నలు చల్లితే గూటికి అవే వస్తాయి. కూరగాయల మడికి మాత్రం వల కట్టాలి, లేకపోతే మొలకలు ఒక్కటి మిగలవు. గూడు నేలకి రెండడుగుల ఎత్తులో ఉండాలి. ముంగిస, అడవిపిల్లి సందు దొరికితే ఒక్క రాత్రిలో ఖాళీ చేస్తాయి. కొక్కెర తెగులుకి వారం పిల్లకి లాసోటా టీకా చుక్కలు, ఎనిమిది వారాలకి ఆర్2బీ సూది. ఇది తప్పించారంటే ఒక్క గాలికి గూడంతా పోతుంది.

మేకల విషయంలో నా మాట వినండి: కంచె, చెట్లు నిలదొక్కుకునేదాకా మేకలొద్దు. రెండేళ్లు పెంచిన మునగని, జామని ఒక పూటలో బెరడుతో సహా ఒలిచేస్తాయి. గట్టి కంచె కావాలి, గచ్చ కంపో, కిత్తనారో పెట్టుకుంటే నాలుగేళ్లకి అల్లుకుంటుంది.

ఇంకో మాట, ఇంతమంది రాసినా ఎవరూ అనలేదు. తెల్లారుజామున లేచి పేడ తీసేది ఎవరు? పాలు పిండేది ఎవరు? 55 కిలోల గడ్డి రోజూ కోసి మోసేది ఎవరు? గేదెకి ఆదివారం లేదు, పండగ లేదు. మా ఊళ్లో ఇలా వచ్చిన రెండు కుటుంబాల్లో మగవాళ్లు వారానికి నాలుగు రోజులు సిటీకి పోతే, పనంతా ఇంటి ఆడమనిషి నడుం మీద పడింది. మీ ఆవిడతో కూర్చుని ఎవరి పని ఏదో ముందు రాసుకోండి. ఆమె ఒప్పుకున్నన్ని పశువులే పెట్టుకోండి. నా దృష్టిలో ఎకరాల కన్నా ఇది ముఖ్యం.

ఎర్రచెలక

అక్కా, మీ మాట నిజం. రాత్రి ఇద్దరం కూర్చున్నాం. తనకి గేదెలంటే భయం లేదు, పుట్టింట్లో పాలు పిండింది. కానీ రెండు గేదెల పని రోజూ తన ఒక్కదానివల్ల కాదని స్పష్టంగా చెప్పింది. పొద్దున గడ్డి కోత, కొట్టం కడగడం నావి. ఉద్యోగం ఇంటి నుంచి చేసుకునే వీలు దొరికాకే పశువుల్ని తెస్తాం.

పాలకొట్టం సార్, ఆ రెండున్నర ఎకరాల మీద ఒక్కసారి లెక్క వేసి పెడతారా?

పాలకొట్టం

వేస్తాను. వరి 45 సెంట్లు, కంది 20, వేరుశనగ 25, కూరగాయలు 10, పండ్ల చెట్లు 10, నేపియర్ 25, దశరథ గడ్డి 5, ఇల్లు, కొట్టం, వామి, కల్లం కలిపి 10. ఇక్కడికి ఎకరంన్నర. మిగిలిన ఎకరం జొన్న, మధ్యలో అలసంద. ఎండుగడ్డి చూద్దాం: వరిలో ఒక టన్ను, జొన్న చొప్ప రెండు టన్నులు, రెండో పంటకి నీరందితే ఇంకొంత, వేరుశనగ కట్టె, కంది పొట్టు, అలసంద తీగ. ఐదు టన్నుల అవసరానికి నాలుగు దాకా వస్తాయి. మిగిలింది కోతల సీజన్‌లో పక్క పొలాల్లో కొనొచ్చు. వేసవిలో కొనడానికి పోతే ధర మండిపోతుంది.

పేడ లెక్క కూడా కలుస్తుంది. రెండు గేదెల పేడ రోజుకి 30 కిలోలు, ఏడాదికి పది టన్నుల పైన. మాగాక సగం తగ్గినా ఎకరం నేలకి సరిపడా ఎరువు. రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకి రోజుకి 50 కిలోల పేడ కావాలి, మీకు ఒక ఘనపు మీటరుదే చాలు. ఐదుగురికి పూర్తిగా కాకపోయినా సిలిండరు చాలా రోజులొస్తుంది. ప్లాంటు నుంచి వచ్చే పేడనీళ్లు నేరుగా నేపియర్‌కే.

ఒక్క దాణా దగ్గర మాత్రం ఈ భూమి సరిపోదు. మీ వడ్ల తవుడు 70, 80 కిలోలు, గానుగ చెక్క వంద కిలోల లోపు. పాలిచ్చే గేదె ఒక్కటే ఏడాదిలో టన్ను దాకా తింటుంది. కొంత మొక్కజొన్న వేసుకున్నా మిగతాది కొనాల్సిందే. ఇంటికి పోను మిగిలిన పాలు కేంద్రంలో పోస్తే ఆ డబ్బులు దాణాకి, మందులకి సరిపోతాయి, అంతవరకే ఆశించండి.

గోదారిగట్టు

డాక్టరు గారి లెక్క రెండున్నర ఎకరాలకి వచ్చింది. అంటే ఒక హెక్టారు. 2015-16 వ్యవసాయ గణనలో తెలంగాణ సగటు కమతం కూడా ఒక్క హెక్టారే, మా ఆంధ్రలో 0.94. మన సగటు రైతు కుటుంబం చేతిలో సరిగ్గా ఈ నేలే ఉంది, తిండికి సరిపోయే నేల. వాళ్లని కుంగదీస్తున్నది స్కూలు ఫీజు, ఆస్పత్రి, పెళ్లి. తమ్ముడూ, ఆ మూడింటికీ డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో నువ్వు ఇప్పుడే అనుకోవాలి. పొలం వాటిని మోయదు, దాని మీద వేయకు.

వాననీరు

నేను 10 గుంటల ప్లాటే కొందామనుకుంటున్నాను. అందులో ఏమీ చేయలేమా మరి?

ఇంటిపెరడు

ఎందుకు చేయలేం? 25 సెంట్లలో ఇంటికి సరిపడా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, పది కోళ్లు హాయిగా ఉంటాయి. పాలు, బియ్యం మాత్రం బయట కొనుక్కోండి. గేదెని కట్టేస్తే దాని నోరు నింపడానికే మీ జీతం పోతుంది, పాపం అది కూడా సుఖపడదు. కొనే ముందు ఆ ప్లాటుకి పట్టాదారు పాస్‌బుక్ వస్తుందో లేదో, బాట రికార్డులో ఉందో లేదో ఎమ్మార్వో ఆఫీసులో కనుక్కోండి.

కొర్రచేను

ఎర్రచెలక తమ్ముడికి ఒక్క మాట. భూమి ఇప్పుడు చూడకు. ఏప్రిల్ ఆఖర్లోనో మేలోనో వెళ్లి, బోరు మోటారు వేయించి ఆగకుండా మూడు గంటలు నడిపించు. మూడో గంటలో కూడా అదే ధార ఉంటే బేరం మాట్లాడు. చుట్టుపక్కల బోర్లు ఎన్ని అడుగులు పోయాయో, ఎన్ని ఎండిపోయాయో పొరుగు రైతుల్ని అడుగు, అమ్మేవాణ్ణి అడగకు.

ఎర్రచెలక

అలాగే చేస్తానన్నా. ప్లాటు ఆలోచన వదిలేశాం. మేలో బోరు చూశాకే అడ్వాన్స్ ఇస్తాం. బేరం కుదిరితే ఏది ముందు, ఏది తర్వాత చేయాలి? గేదెల్ని మొదట్లోనే తెచ్చుకోవచ్చా?

పాలకొట్టం

వద్దు. ముందు కంచె, నీళ్ల తొట్టి. తొలకరి పడగానే నేపియర్ నాటండి. రెండు కణుపులున్న ముక్కల్ని మూడడుగుల సాళ్లలో రెండడుగులకి ఒకటి చొప్పున పెడితే 25 సెంట్లకి రెండు వేల లోపు సరిపోతాయి. మొదటి కోత 70, 75 రోజులకి వస్తుంది. అదే వానకి వరి, జొన్న, కంది వేసేయండి. కొట్టం ఆ మధ్యలో కట్టుకోవచ్చు. సంక్రాంతి నాటికి వామి లేస్తుంది. వామి లేచాక ఒక్క గేదెని, దూడతో సహా తెచ్చుకోండి. తెచ్చిన వెంటనే గాలికుంటు, గొంతువాపు టీకాలు వేశారో లేదో మీ మండల పశువుల ఆస్పత్రిలో చూపించి, లేకపోతే వేయించండి. మొదటిది మీకు అలవాటు పడి, మీరు దానికి అలవాటు పడ్డాక ఆరు నెలలకి రెండోది.

నేపియర్ ముక్కలు కొనకండి. నేనుండేది భువనగిరి దగ్గరే, మా మడిలో కావలసినన్ని ఉన్నాయి. జూన్ మొదటి వారంలో ట్రాలీ తెచ్చుకుంటే కోసి ఇస్తాను. కోసిన రెండు మూడు రోజుల్లోనే నాటాలి కాబట్టి దున్ని, సాళ్లు తోలించి పెట్టుకున్నాకే రండి.